నాలుగింటిలో నిలిచే సంఘం

విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణమ్మ ఒడ్డున ఉన్న పేట భవానీపురం. కొత్తగా అక్కడికి ఇల్లు మారి వచ్చిన విశ్వాసి ఏ మందిరానికి వెళ్లాలో తేల్చుకునే ముందు ఒక మాట అడుగుతాడు. ఈ సంఘం ఏమి నమ్ముతుంది అన్నదే ఆ ప్రశ్న. జవాబు మనలో చాలామందికి కంఠతా వచ్చు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలైన ఒక్కడే దేవుడు. బైబిలు దేవుని వాక్యం. యేసుక్రీస్తు సిలువ రక్తం ద్వారానే పాపక్షమాపణ. మారుమనస్సు, బాప్తిస్మం, ప్రభువు రెండవ రాకడ. ఇవన్నీ సత్యాలే. మందిరం గోడ మీద రాసుకోదగినవే. అయితే గోడ మీద ఉన్న విశ్వాసం గోడ దిగి సంఘస్థుల మధ్య నడవాలంటే ఏం కావాలి? ఈ ప్రశ్నకు తన జీవితాన్నే జవాబుగా ఇచ్చిన దైవజనుని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం. ఆయనే సహోదరుడు భక్త్ సింగ్.

ఆయన తెలుగువాడు కాదు. 1903 జూన్ 6న పంజాబులోని జోయా గ్రామంలో కలిగిన సిక్కు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు నేడు పాకిస్తాన్‌లో ఉంది. మిషన్ పాఠశాలలో చదువుకున్నా క్రైస్తవ్యమంటే ఆయనకు గిట్టేది కాదు. బహుమానంగా వచ్చిన బైబిలును చింపి పారేసి, అందంగా ఉందని తోలు అట్టను మాత్రం ఉంచుకున్నారు. 1926లో ఇంజినీరింగు చదువు కోసం లండన్ వెళ్లారు. అక్కడ తల జుట్టు, గడ్డం తీసేశారు. పొగ, మద్యం అలవాటయ్యాయి. మనసులో మాత్రం నెమ్మది లేదు.

1928లో కెనడాకు వెళ్తూ ఓడలో జరిగిన ఆరాధనకు మర్యాద కోసం వెళ్లి కూర్చున్నారు. అందరూ మోకరించగా, తానూ మోకరించక తప్పలేదు. ఆ ఘడియలో యేసు నామం మీద ఆయనకు తెలియని ప్రేమ కలిగింది. మరుసటి సంవత్సరం కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడిని అడిగి చిన్న కొత్త నిబంధన తీసుకున్నారు. రాత్రి తెల్లవార్లూ చదివారు. యోహాను సువార్త మూడవ అధ్యాయానికి వచ్చేసరికి ఆయన హృదయం నలిగిపోయింది. 1929 డిసెంబరు 16న తన పాపాలు ఒప్పుకొని ప్రభువుకు లోబడ్డారు. 1932 ఫిబ్రవరిలో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు. ఒకనాడు లేఖనాలను చింపిన చేతులే ఇక బ్రతికినంత కాలం వాటిని విడువలేదు.

1933 ఏప్రిల్‌లో ఆయన బొంబాయిలో ఓడ దిగారు. తల్లిదండ్రులు ఎదురువచ్చి ఒక్కటే కోరారు. క్రీస్తును నమ్ముకుంటే నమ్ముకో, కాని కుటుంబం పరువు కోసం ఆ సంగతి బయటపెట్టవద్దు అన్నారు. ఊపిరిని ఎలా దాచలేమో క్రీస్తును కూడా అలాగే దాచలేనని ఆయన బాధతోనే తెలిపారు. వారు ఆయనను ఆ నగరంలోనే విడిచి వెళ్లిపోయారు. చేతిలో ఉద్యోగం లేదు, వెనుక ఇల్లు లేదు, ఏ మిషనూ జీతం ఇవ్వడం లేదు. వీధుల్లో సువార్త చెబుతూ బయలుదేరారు. కరాచీలో పాకీ పనివారి వాడకు వెళ్లి వారి మధ్య పరిచర్య చేశారు. కలిగిన ఇంట పుట్టిన ఇంజినీరు సమాజం అంటరానివారన్న వారితో కలిసి కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కొన్ని సంవత్సరాల తర్వాత ఆయన తండ్రి కూడా ప్రభువును అంగీకరించారు.

1937లో పంజాబులోని మార్టిన్‌పూర్‌లో ఆయన కూటాల ద్వారా గొప్ప ఉజ్జీవం కలిగింది. 1938లో మద్రాసుకు వచ్చారు. అక్కడ వేలాదిగా జనం వాక్యం విన్నారు. అప్పుడొక చిక్కు వచ్చింది. మారుమనస్సు పొందిన వీరు ఎక్కడ కూడుకోవాలి? ఎలా ఎదగాలి? కూటాలు ముగిసి బోధకుడు ఊరు దాటిపోతే ఆ మంట ఎన్నాళ్లుంటుంది? ఈ భారంతో ఆయన కొద్దిమంది జతపనివారితో పల్లావరం కొండ ఎక్కి రాత్రంతా ప్రార్థనలో గడిపారు. 1941 జూలైలో మద్రాసులో యెహోవా షమ్మా అనే స్థలంలో సంఘ ఆరాధన మొదలైంది. 1950లో హైదరాబాదులో హెబ్రోను వెలసింది. అక్కడినుంచి మన కోస్తా జిల్లాల దాకా సంఘాలు లేచాయి.

ఈ సంఘాలకు ఆయన కొత్త మతసిద్ధాంతం ఏదీ తయారు చేయలేదు. అపొస్తలుల కార్యములు 2:42లో యెరూషలేము సంఘాన్ని గూర్చి ఏముందో దానినే ఎదుట పెట్టుకున్నారు. అందులో నాలుగు సంగతులున్నాయి. అపొస్తలుల బోధ, సహవాసం, రొట్టె విరుచుట, ప్రార్థన. ఈ నాలుగింటిలో ఎడతెగక నిలిచేదే స్థానిక సంఘమని ఆయన గ్రహింపు.

మొదటిది బోధ. ప్రతి విశ్వాసి చేతిలో బైబిలు ఉండాలి, తానే తెరచి చూడాలి అన్నది ఆ కూడికల అలవాటు. రెండవది సహవాసం. అందరూ నేల మీద చాపలు పరచుకొని కూర్చునేవారు. ఆరాధన తరువాత ఒకే పంక్తిలో ప్రేమవిందు ఆరగించేవారు. ఎవరి పక్కన ఎవరు తినాలో కులం నిర్ణయించే దేశంలో ఆ పంక్తి వెయ్యి ప్రసంగాలకు సమానం. మూడవది ప్రభువు బల్ల. ప్రతి ఆదివారం రొట్టె విరిచి ఆరాధించేవారు. పెద్ద చదువులు లేని సహోదరులు సైతం లేచి స్తుతి అర్పించేవారు. నాలుగవది ప్రార్థన. అవసరం వస్తే మనుషుల ముందు చేయి చాచక, మోకాళ్ల మీద దేవునికే చెప్పుకోవాలని ఆయన నేర్పారు. అలాగే జీవించారు.

గమనించండి. ఈ నాలుగింటిలో ఏదీ సంఘానికి చెప్పకముందు ఆయనకు ఉచితంగా రాలేదు. వాక్యం ఆయన గర్వాన్ని విరిచింది. సహవాసం కోసం కుటుంబాన్ని, హోదాను పోగొట్టుకున్నారు. ప్రార్థన తప్ప వేరే ఆధారం లేని స్థితిలో ప్రార్థన నేర్చుకున్నారు. మనం నమ్ముతున్నామని చెప్పేదానికి మనం ఏమి చెల్లించాం?

ఆయన చివరి పది సంవత్సరాలు పార్కిన్సన్స్ వ్యాధితో మంచం మీదనే గడిచాయి. వేలమందిని కదిలించిన స్వరం మూగబోయింది. అయినా ఆదివారం వచ్చేసరికి ఎన్నో పల్లెల్లో, పట్టణాల్లో చాపలు పరచబడ్డాయి, బైబిళ్లు తెరవబడ్డాయి, రొట్టె విరువబడింది. 2000 సెప్టెంబరు 17న ఆయన ప్రభువు సన్నిధికి చేరారు. హైదరాబాదులోని నారాయణగూడ సమాధుల తోటకు సాగిన ఆ అంతిమ యాత్రకు జనం సముద్రంలా తరలివచ్చారు. ఆయన వెనుక కొన్నిచోట్ల సంఘాల్లో భేదాలు కూడా వచ్చాయి. దానిని దాచనవసరం లేదు. దైవజనుడు ఎంత గొప్పవాడైనా సంఘానికి పునాది కాలేడు. ఆ నాలుగింటిని విడిచిన చోట ఆయన పేరు కూడా ఎవరినీ కలిపి ఉంచలేదు.

ఇప్పుడు మన పేటకు తిరిగి వద్దాం. మన సంఘాల ఫ్లెక్సీల మీద వాక్యం ఎంత ఉంది, సేవకుని ఫొటో ఎంత ఉంది? పాస్టరు గారు ఊరు వెళ్తే బైబిలు తెరిచేవారు ఎందరు? ప్రభువు బల్లలో ఒకే రొట్టె తిని, బయటకు రాగానే పెళ్లి సంబంధం దగ్గర కులం అడగడం లేదా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు నీట మునిగినప్పుడు, తోటి విశ్వాసి ఇల్లు ఎక్కడో తెలియని వారికి సహవాసమనే మాట ఎంత బరువైనదో అర్థమై ఉంటుంది.

ఇల్లు మారి వచ్చిన ఆ కొత్త విశ్వాసి మన గోడ మీది రాతలు ఒకసారి చదువుతాడు. తరువాత మనల్ని చదువుతాడు. వాక్యం మన చేతిలో ఉందా, తనకు పంక్తిలో చోటు ఉందా, క్రీస్తు మరణం మన మధ్య జ్ఞాపకం ఉందా, తన కోసం ఎవరైనా మోకరించారా అని చూస్తాడు. అవి కనబడితే ఈ సంఘం ఏమి నమ్ముతుందో అతనికి ఎవరూ వివరించనక్కరలేదు. వచ్చే ఆదివారం మందిరానికి వెళ్లేలోపు ఈ నాలుగింటిలో మనం విడిచినదేదో ప్రభువు ఎదుట ఒప్పుకొని, తిరిగి పట్టుకుందాం. అట్టి కృప ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.