చెట్టుక్రింది వైద్యశాల – డాక్టర్ ఐడా స్కడ్డర్

ఔషధ మెంత మంచిదైనను రోగి చేతికి అందనిచో దానివలన ప్రయోజనము లేదు. వైద్యుడు పట్టణమందును, రోగి పల్లెయందును ఉన్నపుడు వారి నడుమనున్న త్రోవయే రోగమునకు బలమగుచున్నది. ఆ త్రోవనే వైద్యశాలగా మార్చిన మహనీయురాలు డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డర్.

ఆమె 1870వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన ఉత్తర ఆర్కాటు సీమలోని రాణిపేటలో జన్మించెను. తాత అమెరికానుండి 1819లో బయలుదేరి సింహళమునకు వచ్చిన వైద్యుడు, తండ్రియు వైద్యుడే. 1876–78 నాటి ఘోరక్షామమున ఆకలితో అలమటించు బిడ్డలను ఆమె పసితనముననే చూచెను. ఆ దృశ్యము మనస్సున నాటుకొనుటచే, అమెరికాలో చదువుకొనుచున్న కాలమున, ఈ దేశమునకు మరలి రాగూడదనియు, అచ్చటనే సుఖముగా జీవింపవలెననియు నిశ్చయించుకొనెను.

1890లో తల్లికి జబ్బుచేయగా, తోడ్పడుటకై మాత్రమే ఆమె దిండివనమునకు వచ్చెను. అచ్చట ఒకనాటి రాత్రి ఒక బ్రాహ్మణుడు, ఒక మహమ్మదీయుడు, అగ్రవర్ణమునకు చెందిన మఱియొక హిందువు, ఒకరి తరువాత నొకరు ఆమె వాకిట నిలిచిరి. మువ్వురి భార్యలును ప్రసవవేదనచే ప్రాణాపాయములో నుండిరి. ఐడాకు వైద్యము రాదు. తన తండ్రి రాగలడని చెప్పగా, పరపురుషుడు తమ స్త్రీని తాకరాదని మువ్వురును వెనుదిరిగిరి. తెల్లవారునప్పటికి మువ్వురు తల్లులును మరణించిరి. వైద్యుడు దగ్గఱనే యున్నాడు; ఐనను వైద్యము అందలేదు. దూరమనునది క్రోసులతోనే కొలువబడునది కాదు. ఆచారమును, భయమును, పేదరికమును కూడ దూరములే. ఆ రాత్రి ఐడా సంకల్పము తలక్రిందులయ్యెను. వైద్యురాలై ఇచ్చటికే తిరిగి రావలెనని ఆమె నిర్ణయించుకొనెను.

కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలనుండి 1899లో పట్టము పొంది, 1900లో ఆమె వేలూరునకు చేరెను. కొలది నెలలకే తండ్రి గతించెను. ఒకే యొక పడకతో వైద్యము నారంభించెను. మొదట జనులు సంశయించిరి; క్రమముగా నమ్మిక కుదిరెను. న్యూయార్కు ధనికు డొకడు తన భార్య జ్ఞాపకార్థ మొసగిన 10,000 డాలర్ల విరాళముతో 1902లో స్త్రీలకును శిశువులకును ఆస్పత్రి వెలసెను.

ఆస్పత్రి నిండినది, ఐనను రాలేనివారు గ్రామములలోనే మిగిలిపోయిరి. కూలి మానుకొనినచో ఆ పూట గంజి లేదు. బండి కట్టుటకు రొక్కము లేదు. అందుచే ఆమెయే వారికొఱకు బయలుదేరెను. మొదట ఎద్దులబండి, కొంతకాలమునకు మోటారు. వారమున కొకదినము, ఏర్పఱచిన తావులలో, చెట్టునీడను బండి ఆగెడిది. మందులపెట్టె తెఱచి, పుండ్లు కడిగి కట్లు కట్టుచు, కండ్లలో మందు వేయుచు, బిడ్డలను పరీక్షించుచు సాగెడివారు. ఊరివారు వెలివేసిన కుష్ఠురోగులును ఆ చెట్టునీడకు రాగలిగిరి. ఈ పద్ధతిలోని బలము నియమమునందున్నది. బండి తప్పక వచ్చునను నమ్మకమే పేదవానికి సగము మందు.

ఒక వైద్యురాలు ఎన్ని గ్రామములు తిరుగగలదు? ఈ చింతయే ఆమెను గురువును గావించెను. 1909లో దాదుల శిక్షణ కొక పాఠశాలయు, 1918లో స్త్రీల కొక వైద్యపాఠశాలయు వేలూరున ఆరంభమయ్యెను. తొలి తరగతి 1922లో పట్టము పుచ్చుకొనెను. తరువాత, వైద్యపాఠశాలలు విశ్వవిద్యాలయ పట్టమునకు తగిన కళాశాలలు కావలెనని మద్రాసు ప్రభుత్వము నిర్ణయింపగా, ఆ విద్యాలయము మూతపడునను భయము కలిగెను. డెబ్బదియేండ్ల వృద్ధురాలు అమెరికాలో ఊరూరు తిరిగి ద్రవ్యము కూర్చెను. 1947నుండి పురుషులకును ప్రవేశము కలిగెను. అనంతర కాలమున విశాఖపట్టణమున జన్మించిన డాక్టర్ హిల్డా లాజరస్ ఆ సంస్థకు తొలి భారతీయ సారథిగా నుండుట తెలుగువారు స్మరింపదగిన విషయము. ఐడా 1946లో పదవి విరమించి, 1960 మే నెలలో కొడైకెనాలులో కన్నుమూసెను.

ప్రాథమిక వైద్యము అందఱికిని అందవలెనని లోకరాజ్యములు ఆల్మా ఆటాలో 1978లో ప్రకటించెను. మన దేశమున మైదానములలో 30,000 జనులకును, కొండ, గిరిజన ప్రాంతములలో 20,000 జనులకును ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్ర ముండవలెనని నియమము. ఐనను మన్యపు గూడెములనుండి గర్భిణులను డోలీలలో మోసికొని వచ్చుట నేటికిని పూర్తిగా మానలేదు. లెక్కకు కేంద్రమున్నంత మాత్రమున చాలదు. అందు దాది యుండవలెను, మందుండవలెను, చెప్పిన దినమున తలుపు తెఱచియుండవలెను.

రోగి రాలేనిచో వైద్యమే కదలవలెను. ఆ మువ్వురు తల్లుల పేళ్లు మన కెఱుక లేదు. వారి మరణము మాత్రము వేలకొలది తల్లులను బ్రదికించినది.