ఆరవ నిజాం, జింకల వేట

మహబూబ్ అలీ ఖాన్ 1866లో పుట్టాడు. తండ్రి పోగా, మూడేళ్లయినా నిండకుండానే 1869లో గద్దె ఎక్కాడు. రాజ్యం నడిపింది సాలార్ జంగ్. 1884లో గాని అధికారం చేతికి రాలేదు. మన సింగరేణి బొగ్గు ఇల్లందు దగ్గర తవ్వడం మొదలైంది ఈయన ఏలుబడిలోనే, 1889లో.

వేటంటే ఆయనకు ప్రాణం. పులులను కొట్టిన ముచ్చట అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆయన కాలంలో సాగిన జింకల వేటే వింతగా తోచింది. చీటా కళ్లకు గంతలు కట్టి, ఎడ్లబండి మీద కూచోబెట్టి, సూటిగా పోకుండా చుట్టు తిప్పి మంద దగ్గరికి తోలేవారు. కృష్ణజింకలకు రైతుల బండ్లు అలవాటు, బెదరవు. (మా చేలల్లోనూ అంతే. మనిషి నడిచొస్తే లేచే కొంగలు బండి పోతే కదలవు.) దగ్గరికి చేరాక గంతలు విప్పేవారు. అక్కడిదాకా ఏర్పాటు. ఆ తర్వాత కొన్ని వందల గజాల పరుగు. అందితే అందింది, లేకుంటే చీటా అలిసి కూలబడేది. 1893లో ఆస్ట్రియా రాజకుమారుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదు వస్తే ఈ వేటే చూపించారు.

నిజాముకు ఎంత తృప్తి కలిగిందో గాని, అసలు తృప్తి బండి తోలినవాడిదే అని నా లెక్క. జింక తప్పించుకున్నా అతని పనితనం ఎక్కడికీ పోదు గదా! చూసేవాళ్లకు మాత్రం ఆ రోజు ఒట్టిదే.

1911లో, 45 ఏళ్లకే మహబూబ్ కన్నుమూశాడు. చీటా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 1972 చట్టం వచ్చాక కృష్ణజింకను కొడితే జైలే.