డబ్లిన్‌లో పెళ్లి, పార్వతీపురంలో కాపురం, కాగితం మీద చదరంగం

డబ్లిన్‌ బాల్స్‌బ్రిడ్జ్‌లో క్లైడ్ రోడ్డు మీదుగా మనలో చాలామంది వెళ్తుంటాం. అక్కడి సెయింట్ బార్తొలొమ్యూ చర్చిలో 1907 అక్టోబర్ 1న జరిగిన ఒక పెళ్లికి మన ఊళ్లతో చుట్టరికం ఉంది. వరుడు జూలియస్ ట్యూరింగ్, మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. వధువు సారా స్టోనీది ఐరిష్ కుటుంబం, తండ్రి మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజినీరు. పెళ్లయ్యాక బదిలీల వెంట పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు తిరిగారు.

వాళ్ల రెండో కొడుకే కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలాన్ ట్యూరింగ్. 1912 జూన్ 23న లండన్‌లో పుట్టారు. ఏడాది దాటిందో లేదో, అన్నతోపాటు ఆ బిడ్డను ఇంగ్లండ్‌లోనే ఒక రిటైర్డ్ కల్నల్ ఇంట్లో ఉంచి తల్లి మద్రాసు ఓడెక్కారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇక్కడ ఉద్యోగంలో చేరినవాళ్లకు ఆ ప్రయాణం గురించి వేరే చెప్పక్కర్లేదు.

కేంబ్రిడ్జ్‌లో లెక్కలు చదివి, యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్కులో జర్మన్ నౌకాదళపు ఎనిగ్మా సంకేతాలను ఛేదించిన బృందానికి నాయకత్వం వహించారు. ఆయన తర్వాత ఆ బాధ్యత తీసుకున్నది మన కార్క్‌లో పుట్టిన హ్యూ అలెగ్జాండర్, 1938 బ్రిటిష్ చెస్ చాంపియన్. ట్యూరింగ్ ఆట మాత్రం అంతంతే. అయినా యంత్రానికి చెస్ నేర్పాలన్న పట్టుదల వదల్లేదు.

1948లో మిత్రుడు చాంపర్‌నౌన్‌తో కలిసి ప్రోగ్రాం నియమాలు తయారుచేశారు. దాన్ని నడిపే కంప్యూటర్ లేదు. 1952లో మాంచెస్టర్‌లో తానే కంప్యూటరై, కాగితం మీద లెక్క కడుతూ అలిక్ గ్లెన్నీతో ఆడారు. ఒక్కో ఎత్తుకు అరగంట దాకా పట్టేది. తనకు మంచి ఎత్తు తోచినా వేయకూడదు, నియమం చెప్పిందే వేయాలి. 29 ఎత్తుల్లో ఓడిపోయారు.

ఆ అరగంటా గ్లెన్నీ ఆలోచించుకోవచ్చు. గ్లెన్నీ ఆలోచించేటప్పుడు మాత్రం కాగితపు యంత్రానికి పని లేదు. నేటి ప్రోగ్రాములు అలా ఊరుకోవు. ఎదుటివాడు వేయబోయే ఎత్తు ఊహించి, అది పడిందనుకుని జవాబు వెతకడం మొదలుపెడతాయి. ఊహ ఫలిస్తే అంత సమయం ఆదా. తప్పితే ఆ లెక్క పక్కన పడేసి కొత్తది మొదలుపెట్టాలి. సరదాకి నేను రాసిన ప్రోగ్రాంలో పాత లెక్క చెరపడం మరిచాను. బోర్డు మీద లేని ఆటకు అది జవాబిచ్చింది!

అదే 1952లో, స్వలింగ సంబంధం నేరమన్న నాటి చట్టం కింద ట్యూరింగ్‌కు శిక్ష పడింది. జైలు తప్పాలంటే హార్మోన్ చికిత్సకు ఒప్పుకోవాలన్నారు, ఒప్పుకున్నారు. 1954 జూన్ 7న, 41 ఏళ్లకే, సైనైడ్ విషంతో కన్నుమూశారు. ఆయన తొలి జీవిత చరిత్ర 1959లో వచ్చింది. రాసింది తల్లి సారా.