రహీం సాహెబు

హైదరాబాదు నగరమున ఆబిడ్సుకును నాంపల్లికిని చేరువలో ఫతే మైదానము కలదు. ఫతే అనగా విజయము. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సేనలు ఇచ్చటనే విడిసినవని చెప్పుదురు. 1967లో దీనికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిరి. ఫుట్‌బాల్ పందెములు చూచుటకై ఒకప్పుడు జనము ఈ మైదానమునకు తండోపతండములుగా వచ్చెడివారు. ఆ ఆటలో హైదరాబాదు కీర్తిని దేశదేశములకు చాటినవాడు సయ్యద్ అబ్దుల్ రహీము.

ఆయన 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఉపాధ్యాయ వృత్తి నవలంబించెను. బడిలో పాఠము చెప్పిన ఓర్పుతోనే ఆయన మైదానమునను బోధించెను. అందుచేతనే కాబోలు, కడవరకును జనులాయనను రహీం సాహెబనియే గౌరవముతో పిలిచిరి.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఒక్కడే బంతిని పట్టుకొని పరుగెత్తి చప్పట్లు కొట్టించుకొనుట ఆయనకు గిట్టదు. బంతిని తోటివానికి వెంటనే అందింపవలెను. కుడికాలివలె ఎడమకాలును పనిచేయవలెను. ఇందుకొరకు బలహీనమైన కాలితో మాత్రమే ఆడు పోటీలను సైతము ఆయన ఏర్పరచెను! ఫలితమేమనగా, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే అయ్యెను.

భారత జట్టు బాధ్యతయు ఆయనపై బడెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును ఓడించి స్వర్ణము గెలిచెను. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో చిత్తుగా ఓడిరి. ఆ పరాభవముతో బూట్లు తప్పనిసరియైనవి. 1956లో మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, భారతము ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందుకొనెను.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికి రహీమునకు ఊపిరితిత్తుల క్యాన్సరు సోకియుండెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించెను. పైగా ఇజ్రాయెలును, తైవానును క్రీడలకు రానీయకుండుటను ఒక భారత ప్రతినిధి ఆక్షేపించినందున, అచ్చటి ప్రేక్షకులు మనవారిపై మండిపడుచుండిరి. రక్షణ వరుసలో ఆడు జర్నైల్ సింగు తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. రహీము సాహసించి అతనిని ముందు వరుసలో నిలిపెను. ఎత్తైన బంతులను తలతో కొట్టగలవాడు, గాయపడినను, అచ్చటనే అక్కరకు వచ్చునని ఆయన యెంచెను. ఆ యెత్తు ఫలించెను.

సెప్టెంబరు 4వ తేదీన తుదిపోరు. ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. ఆ స్వర్ణమును తనకు కానుకగా ఇమ్మని ముందటి రాత్రి రహీము కోరెనని ఆటగాండ్రు తరువాత చెప్పుకొనిరి. ఇంచుమించు లక్షమంది కేకలు వేయుచుండగా పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు ఒక గోలును చేసిరి. కొరియా ఒక్కటే తీర్పగలిగెను. సికింద్రాబాదువాడైన తులసీదాస్ బలరాం కూడ ఆనాటి జట్టులో నుండెను.

రహీము తొమ్మిది మాసములకే, 1963 జూన్ 11వ తేదీన, తన యేబది మూడవ యేట కన్నుమూసెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మన దేశమునకు నేటివరకు మరల లభింపలేదు.