రోజర్స్ ఎవరు?

మొన్న మినీ ప్రాజెక్ట్ రివ్యూలో మా బ్యాచ్ పరువు పోయింది. లిటరేచర్ సర్వే కింద మేం పెట్టిన 14 రిఫరెన్సుల్లో ఏడో నంబర్ మీద వేలు పెట్టి, ఈ పేపర్‌లో ఏముందో చెప్పమన్నారు గైడ్. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ లిస్టు మొత్తం సీనియర్ల రిపోర్ట్ నుంచి ఎత్తేసింది మరి! సార్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రామానుజన్ తెలుసు కదా, రోజర్స్ ఎవరో కూడా తెలుసుకుని రండి అని మాత్రం అన్నారు.

రామానుజన్ తెలీని వాడెవడు? టాక్సీ నంబర్ 1729 కథ ఆరో క్లాసు నుంచీ వింటున్నాం. అందుకే దాన్ని ఇక్కడ చెప్పను. రోజర్స్ కోసం వెతుకుతూ వెళ్తే నాకు వేరే రామానుజన్ కనిపించాడు. ఆయన గురించి రాస్తాను.

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టాడు, కుంభకోణంలో పెరిగాడు. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. స్కూల్లో ఉండగానే త్రికోణమితి పుస్తకం నమిలేశాడు. సైన్, కొసైన్‌లకు త్రిభుజాలతో పనిలేని సూత్రాలు సొంతంగా కనిపెట్టి సంబరపడ్డాడు. ఆ పని ఆయిలర్ ఎప్పుడో చేసేశాడని తర్వాత తెలిసింది. సిగ్గుతో ఆ కాగితాలు ఇంటి పైకప్పులో దాచేశాడని చెబుతారు. ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదు, ఎవరినీ మోసం చేయలేదు. అయినా దాచుకున్నాడు. నాకు ఆ కుర్రాడి మీద జాలీ వేసింది, కొంచెం కుళ్లూ వచ్చింది. మేం కాపీ కొట్టి కూడా దర్జాగా స్పైరల్ బైండింగ్ చేయించాం.

1903లో కార్ అనే ఇంగ్లిష్ ట్యూటర్ రాసిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. పరీక్షలకు తయారయ్యే పిల్లల కోసం దాదాపు ఐదు వేల ఫలితాల్ని వరసగా పేర్చిన పుస్తకమది. ఒకరకంగా మన ఆల్ ఇన్ వన్ లాంటిది. నిరూపణలు చాలా తక్కువ. రామానుజన్ ఒక్కొక్క సూత్రాన్నీ తనే రాబట్టుకుంటూ, దాటుకుంటూ ముందుకెళ్లాడు. ఆ పద్ధతే అలవాటైపోయింది. పలక మీద లెక్క చేయడం, మోచేత్తో తుడిచేయడం, ఫలితం మాత్రం నోట్‌బుక్‌లో ఎక్కించడం. దారి ఉండదు, ఆధారం ఉండదు. కాగితం ఖరీదు కూడా ఒక కారణమే లెండి.

లెక్కల పిచ్చిలో మిగతా సబ్జెక్టులు పోయాయి, స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం పారిపోయాడు. తిరిగొచ్చి మద్రాసులో చేరి ఎఫ్.ఎ. మళ్లీ తప్పాడు. 1909లో జానకితో పెళ్లయింది. ఇక ఉద్యోగం వెతుక్కోవాలి. చంకలో నోట్‌బుక్కులు పెట్టుకుని తిరిగిన ఆ రోజుల్లోనే మన నెల్లూరు కూడా వచ్చాడు. అప్పుడు అక్కడి కలెక్టర్ ఆర్. రామచంద్రరావు. ఆయనకు లెక్కలంటే ప్రాణం. ముందు అనుమానించాడు, ఇవన్నీ నిజంగా ఇతనివేనా అని. రెండు మూడు సార్లు మాట్లాడాక అనుమానం పోయింది. నెలకు 25 రూపాయలు తన జేబులోంచి పంపాడు. రామానుజన్ కొన్నాళ్లకు ఊరికే తీసుకోవడం ఇష్టం లేక, 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరాడు.

ఇవన్నీ నిజంగా నీవేనా అన్న ప్రశ్న ఆయన్ని చాలా దూరం వెంటాడింది. 1913 జనవరి 16న కేంబ్రిడ్జ్‌లోని హార్డీకి ఉత్తరం రాశాడు. అంతకు ముందు రాసిన ఇద్దరు ప్రొఫెసర్ల దగ్గర పని జరగలేదు. హార్డీకి కూడా మొదట ఇదేదో మోసమేమో అనిపించింది. చూస్తే కొన్ని సూత్రాలు పాతవే: ఒకటి లాప్లాస్ చెప్పి యాకోబి నిరూపించినది, ఇంకొకటి బావర్ అనే జర్మన్ 1859లో ప్రచురించినది. కానీ మిగిలిన వాటిలో కొన్ని హార్డీ జన్మలో చూడనివి. కల్పించడానికి కూడా అంత ఊహ ఎవరికీ ఉండదని తేల్చుకున్నాడు. పాతవి కనిపించాయని ఉత్తరాన్ని బుట్టలో పడేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

1914 మార్చిలో ఓడెక్కి ఏప్రిల్‌లో ఇంగ్లండ్ చేరాడు. హార్డీకి ఒక చిక్కొచ్చి పడింది. ఈ మనిషికి నిరూపణ అంటే ఏమిటో నేర్పాలి, ఇంతకు ముందు ఎవరెవరు ఏం చేశారో చెప్పాలి. గట్టిగా చెబితే ఆ ధైర్యం చెదిరిపోతుందేమోనని భయం. చెప్పీ చెప్పనట్టు చెప్పాడు. చివరికి ఎక్కువ నేర్చుకున్నది తానేనని ఒప్పుకున్నాడు కూడా.

ఇప్పుడు రోజర్స్ దగ్గరికి వద్దాం. రామానుజన్ ఇండియా నుంచి తెచ్చుకున్న సంగతుల్లో రెండు సర్వసమీకరణాలున్నాయి. వాటి అందాన్ని చిన్న లెక్కతో చూడొచ్చు. 6ని ముక్కలు చేయండి, కానీ ఏ రెండు ముక్కల మధ్యా తేడా 2కి తగ్గకూడదు: 6, 5+1, 4+2. మూడు విధాలు. ఇప్పుడు 5తో భాగిస్తే 1 గానీ 4 గానీ మిగిలే ముక్కలే వాడండి: 6, 4+1+1, 1+1+1+1+1+1. మళ్లీ మూడే. 6 బదులు ఏ సంఖ్య తీసుకున్నా రెండు లెక్కలూ సమానమే. ఎందుకు? రామానుజన్ దగ్గర నిరూపణ లేదు. హార్డీకి రాలేదు, ఆయన అడిగిన వాళ్లకీ రాలేదు. మేజర్ మాక్‌మహన్ అనే పాత ఫిరంగి దళం ఆఫీసర్ లెక్కల్లో దిట్ట. ఆయన విస్తరించి చూసి 89వ ఘాతం దాకా సరిపోయిందని, నిరూపణ మాత్రం ఇంకా లేదని, ఇది రామానుజన్‌దని పేరు పెట్టి 1916లో తన పుస్తకంలో అచ్చు వేశాడు.

1917లో ఒకరోజు రామానుజన్ లండన్ మాథమేటికల్ సొసైటీ పాత సంపుటాలు ఊరికే తిరగేస్తున్నాడు. 1894 నాటి ఒక వ్యాసం దగ్గర చెయ్యి ఆగింది. అవే రెండు సమీకరణాలు! నిరూపణతో సహా! రాసినవాడు ఎల్.జె. రోజర్స్, లీడ్స్‌లో ప్రొఫెసర్. 23 ఏళ్లుగా ఆ వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ సంపుటాన్ని మూసి అరలో పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? కేంబ్రిడ్జ్ మొత్తం మర్చిపోయిన వ్యాసం. పుస్తకంలో రామానుజన్ పేరు అచ్చయిపోయింది కూడా. కుంభకోణంలో కాగితాలు పైకప్పులో దాచిన కుర్రాడైతే ఈసారి ఏం చేసేవాడో! కానీ ఈ రామానుజన్ ఆశ్చర్యపోయాడు, ఆ వ్యాసాన్ని మెచ్చుకున్నాడు, రోజర్స్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాల్లో రోజర్స్ తన పాత నిరూపణను బాగా సులువు చేశాడు. రామానుజన్ కూడా సొంతంగా ఒకటి కనిపెట్టాడు. 1919లో రెండు నిరూపణలూ కేంబ్రిడ్జ్ ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో పక్కపక్కనే వచ్చాయి, జరిగిందంతా చెబుతూ హార్డీ ముందుమాటతో. యుద్ధం వల్ల ఇంగ్లండ్‌తో సంబంధం తెగిన జర్మనీలో షుర్ అనే ఆయన కూడా 1917లోనే వీటిని విడిగా నిరూపించాడు. లోకం మాత్రం వాటిని రోజర్స్–రామానుజన్ సర్వసమీకరణాలనే పిలుస్తోంది. రోజర్స్ పేరే ముందు.

ఈ రోజర్స్‌కి పేరు పోగొట్టుకోవడం కొత్త కాదు పాపం. మ్యాథ్స్ వాళ్లు హోల్డర్ అసమానత అని చదువుకునేది కూడా ఆయన 1888లోనే ప్రచురించాడు. హోల్డర్ ఏడాది తర్వాత రాశాడు, రోజర్స్‌ను ప్రస్తావించాడు కూడా. అయినా పుస్తకాలు హోల్డర్‌నే పట్టుకున్నాయి. ఈసారి అలా జరగలేదు. 1924లో రోజర్స్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు, 62 ఏళ్ల వయసులో.

పార్టిషన్ల మీద హార్డీతో కలిసి 1918లో వేసిన ప్రసిద్ధ వ్యాసంలో కూడా ఇదే తీరు. 200ని ఎన్ని రకాలుగా ముక్కలు చేయొచ్చో మాక్‌మహన్ చేత్తో లెక్కించి పెట్టాడు: 39,72,99,90,29,388. వీళ్ల సూత్రం సరిగ్గా అక్కడికే తేలింది. మాక్‌మహన్ పట్టికను ఆయన పేరుతోనే వ్యాసంలో వేశారు. తర్వాత 1919 వ్యాసంలో రామానుజన్, చివర 4 గానీ 9 గానీ ఉన్న సంఖ్యల పార్టిషన్ల లెక్క ఎప్పుడూ 5తో భాగించబడుతుందని చూపించాడు. ఆ సంగతి తట్టింది మాక్‌మహన్ పట్టికను చూస్తుండగానేనని దాంట్లోనే రాసుకున్నాడు. ఇది రాయకపోయినా అడిగేవాడు లేడు.

ఆ వ్యాసాలు వచ్చేనాటికే ఒళ్లు చెడిపోయింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో, ట్రినిటీ ఫెలో అయ్యాడు. 1919లో ఇంటికొచ్చాడు. 1920 జనవరిలో హార్డీకి ఆఖరి ఉత్తరం రాశాడు. ఏప్రిల్ 26న మద్రాసులో పోయాడు, 32 ఏళ్లకే.

నోట్‌బుక్కులు మిగిలాయి. వాటిని బ్రూస్ బెర్న్‌ట్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1985 నుంచి 1998 వరకు ఐదు సంపుటాలుగా తెచ్చాడు. ఒక్కొక్క ఫలితానికీ నిరూపణ వెతికాడు. రామానుజన్ కన్నా ముందు దాన్ని ఎవరైనా చెప్పారా అని కూడా వెతికాడు. ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ల పేరు రాశాడు. మూడు వేలకు పైగా ఫలితాలు మరి. మేం 14 చూడలేకపోయాం.

ఇప్పుడు మా లిస్టులో 6 మిగిలాయి. ఏడో నంబర్ పేపర్ కూడా చదివాను, అది అసలు మా టాపిక్కే కాదు. తీసేశాం. రెండో రివ్యూ శుక్రవారం.