పట్టా ఇవ్వని విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడు

సూక్ష్మజీవుల పాఠంలో రాబర్ట్ కాక్ పేరు పిల్లలకు సుపరిచితమే. ఆ కాక్‌ను లోకానికి పరిచయం చేసిన ఫెర్డినాండ్ కోన్ గురించి మాత్రం తక్కువమందికి తెలుసు.

కోన్ 1828 జనవరి 24న బ్రెస్లావ్ నగరంలో యూదు కుటుంబంలో పుట్టారు. అప్పట్లో ప్రష్యా రాజ్యంలో ఉన్న ఆ ఊరు నేడు పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్. చాలా చిన్న వయసులోనే చదవడం నేర్చుకున్నారు. పదేళ్ల వయసులో వినికిడి తగ్గింది. అయినా చదువు ఆపలేదు. సొంత ఊరి విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివారు. కానీ యూదుడు కావడంతో అక్కడ పట్టా పరీక్షకు అనుమతి దొరకలేదు. బెర్లిన్ వెళ్లి, 1847లో పందొమ్మిదేళ్లకే డాక్టరేట్ సాధించారు.

తరవాత ఆయన తిరిగి బ్రెస్లావ్‌కే వచ్చారు. తనకు పట్టా ఇవ్వని చోటే పాఠాలు చెప్పారు. 1866లో మొక్కల శరీరధర్మ శాస్త్రానికి పరిశోధనాలయం నెలకొల్పారు. 1872లో పూర్తిస్థాయి ఆచార్యులయ్యారు.

అదే ఏడాది బ్యాక్టీరియాలను ఆకారాన్ని బట్టి నాలుగు వర్గాలుగా విభజించారు. కడ్డీల్లా ఉండే ఒక ప్రజాతికి బాసిల్లస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ మాటకు చిన్న కర్ర అని అర్థం. మట్టిలో, ఎండుగడ్డిలో ఉండే బాసిల్లస్ సబ్టిలిస్ ఈ ప్రజాతిలోనిదే.

ఆ రోజుల్లో ఒక చిక్కుముడి ఉండేది. ఎండుగడ్డి నానబెట్టిన నీటిని మరిగించినా, కొన్నాళ్లకు అందులో మళ్లీ బ్యాక్టీరియా కనిపించేది. జీవం దానంతటదే పుడుతుందనడానికి కొందరు దీన్నే సాక్ష్యంగా చూపేవారు. కోన్ సూక్ష్మదర్శినితో ఓపికగా పరిశీలించారు. కడ్డీల లోపల మెరిసే సిద్ధబీజాలు ఏర్పడుతున్నాయి. మరిగించినా అవి చావవు. అనుకూల పరిస్థితి రాగానే మొలకెత్తి మళ్లీ కడ్డీలవుతాయి. 1876లో ఈ సంగతి ప్రచురించారు. శస్త్రచికిత్స పరికరాలను ఆసుపత్రుల్లో కేవలం మరిగించి వదిలేయకుండా, ఒత్తిడితో కూడిన ఆవిరిలో శుద్ధి చేయడానికి కారణం ఈ సిద్ధబీజాలే.

ఆ వసంతంలోనే వోల్‌స్టైన్ అనే చిన్న ఊరి వైద్యుడు ఆయనకు ఉత్తరం రాశారు. పశువులకు వచ్చే దొమ్మ రోగానికి, అంటే ఆంత్రాక్స్‌కు, కారణమైన బాసిల్లస్ జీవితచక్రాన్ని తాను కనుగొన్నానన్నారు. ఆ వైద్యుడే కాక్. అప్పటికి ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఏ విశ్వవిద్యాలయంలోనూ పదవి లేదు. కోన్ ఆయన్ను బ్రెస్లావ్‌కు పిలిపించుకున్నారు. ప్రయోగాలు చూశారు, తోటి ఆచార్యులను కూడా పిలిచి చూపించారు. తాను నడిపే పత్రికలోనే ఆ వ్యాసాన్ని అచ్చువేశారు. కాక్ కీర్తి అక్కడి నుంచే మొదలైంది.

1898 జూన్ 25న కోన్ బ్రెస్లావ్‌లోనే కన్నుమూశారు. ఏడేళ్ల తరవాత, 1905లో, కాక్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఒకప్పుడు పుట్టుక చూసి కోన్‌ను ఆపేశారు. ఆయన మాత్రం గడపలోకి వచ్చిన మనిషి పని చూశారే తప్ప, హోదా అడగలేదు. కాక్ పాఠం చెప్పే రోజున ఉపాధ్యాయులు ఈ నాలుగు మాటలూ కలిపి చెబితే, వెనక బెంచీలో సరిగా వినపడక కూర్చున్న పిల్లవాడికీ అందులో తన కథ కనిపించవచ్చు.