పెట్రోల్ బండి విప్పి పని నేర్చాడు.. కరెంట్ మోటార్ చేసి చూపించాడు! తెలుగు మెకానిక్ జి.డి. నాయుడు కథ ఇదీ

ఇంజిన్ సౌండ్ వినగానే బండికి ఏమైందో చెప్పేసే మెకానిక్‌లు విజయవాడ ఆటోనగర్‌లో ఎంతోమంది. కానీ ఇప్పుడు బెజవాడ రోడ్ల మీద చప్పుడు లేని బండ్లు పెరుగుతున్నాయి. స్పార్క్ ప్లగ్ లేదు, సైలెన్సర్ లేదు, ఇంజిన్ ఆయిల్ మార్చే పనీ లేదు. మరి ఇన్నేళ్లు నేర్చుకున్న పని ఏమైపోవాలి? పెట్రోల్ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకూ ఇదే బెంగ. ఈ రెండు దారుల్లోనూ ముందే నడిచిన తెలుగు మెకానిక్ ఒకరున్నారు. ఆయనే జి.డి. నాయుడు.

హోటల్లో పని.. బైక్ కోసం పొదుపు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. బడి చదువు ఒంటబట్టలేదు. కుర్రతనంలో ఓ బ్రిటిష్ అధికారి దగ్గరున్న రడ్జ్ మోటార్ సైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరారు. రూపాయి రూపాయి దాచి చివరికి ఆ బండినే కొన్నారు. కొన్నాక దాన్ని పూర్తిగా విప్పేసి, మళ్లీ బిగించారు. ఇంజినీరింగ్ ఆయన నేర్చుకున్నది అలాగే.

1920లో పొల్లాచ్చి - పళని మధ్య ఒక్క బస్సుతో సర్వీసు మొదలుపెట్టారు. అదే యుఎంఎస్ అనే పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది.

పెట్రోల్ నుంచి కరెంట్‌కి..

1930ల్లో పైకారా జలవిద్యుత్ కోయంబత్తూరుకు చేరింది. మిల్లులకు, బావులకు మోటార్లు కావాలి. అప్పట్లో అవి విదేశాల నుంచి రావాల్సిందే. బస్సుల మీద బాగా సంపాదిస్తున్న నాయుడు అక్కడితో ఆగిపోలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటార్ తయారు చేయించారు. తర్వాత కోయంబత్తూరు మోటార్లు, పంపుసెట్లకు పెట్టింది పేరైంది. బ్యాటరీ సెల్స్‌తో చిన్న మోటార్ తిరిగే షేవింగ్ రేజర్ కూడా ఆయన చేశారు. బ్యాటరీ, దానికో మోటార్.. ఈవీల్లోనూ మూల సూత్రం ఇదే!

అలాగని పెట్రోల్ మీద ప్రేమ పోలేదు. 1952లో 2 వేల రూపాయలకే ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారు చేశారు. ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు. సామాన్యుడి చేతికి రావాల్సిన ఆ కారు అక్కడే ఆగిపోయింది.

ఇప్పటికీ గుర్తుగా..

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరు మీద నడుస్తున్న జీడీ కార్ మ్యూజియంలో పాతకాలపు కార్లు చూడొచ్చు. 2025 అక్టోబరులో ప్రారంభమైన అవినాశి రోడ్డు ఫ్లైఓవర్‌కూ ఆయన పేరే పెట్టారు.

ఇక ఆటోనగర్ సంగతి. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, బాడీ వర్క్ ఎలక్ట్రిక్ బండికీ ఉంటాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది మోటార్, బ్యాటరీ, కంట్రోలర్. అయితే హైవోల్టేజ్ బ్యాటరీని రడ్జ్ బండిలా విప్పి చూడటం కుదరదు, షాక్ కొడితే ప్రాణాలకే ముప్పు. అందుకే శిక్షణ తప్పనిసరి. తొలి మోటార్ తయారైన ఆ 1937 నాటికి నాయుడు వయసు 44 ఏళ్లు. పాతికేళ్లు స్పానర్ పట్టిన మెకానిక్‌లు కూడా ఇంచుమించు అదే వయసులో ఉంటారు.